బొగ్గు గని వ్యర్థాల గుట్టకు మట్టి కప్పు: పరీక్ష నుంచి పచ్చిక దాకా

“ఓబీ గుట్ట మీద ఎంత మందాన మట్టి పోయాలి?” గనుల పర్యావరణ విభాగాల్లో కొత్తగా చేరినవారు, పని తీసుకున్న గుత్తేదారులు, గుట్టల పక్క ఊళ్ల సర్పంచులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఓబీ అంటే ఓవర్‌బర్డెన్, బొగ్గు పొర మీద నుంచి తవ్వి పోసిన మట్టి, రాయి. ఒక అంకె చెప్పి ఊరుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. మందం చివర తేలే లెక్క. దానికి ముందు రెండు పరీక్షలు ఉన్నాయి. కింద ఉన్న వ్యర్థానికి ఒకటి, పైన వేయబోయే మట్టికి ఒకటి.

మొదటి పరీక్ష మానేసి రెండోదానితో సరిపెట్టుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. తొలి వానాకాలంలో గుట్ట పచ్చగానే ఉంటుంది. రెండో వేసవికి పైన పటారం, లోన లొటారం అని తేలిపోతుంది.

ఈ మార్గదర్శి గోదావరి లోయలోని ఓపెన్‌కాస్ట్ గనులను, అంటే రామగుండం, శ్రీరాంపూర్, మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లి ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని రాసింది. ఇక్కడి గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ. అస్సాంలోని మార్గరీటా, మేఘాలయ బొగ్గుల్లో గంధకం ఎక్కువ కాబట్టి అక్కడ ఆమ్లపు నీరే మొదటి శత్రువు. మన దగ్గర చిక్కులు వేరు: నీరు నిలవని ఇసుకరాయి, తనంతట తాను వేడెక్కే నల్ల షేల్ (పొరలుగా చీలే మెత్తటి రాయి), వానకు కోసుకుపోయే వాలు.

గుట్ట మీద ఏ పనైనా గని మేనేజర్ అనుమతితో, గనుల భద్రతా నిబంధనలకు లోబడి మాత్రమే చేయాలి. ఊరివారు సొంతంగా గుట్ట ఎక్కి తవ్వకూడదు.

## 1. కింద ఉన్నదేమిటో ముందు తేల్చండి

ఓబీ అంటే ఒకే పదార్థం కాదు. ఇసుకరాయి, బంకమట్టి, బూడిదరంగు షేల్, బొగ్గు కలిసిన నల్ల షేల్ అన్నీ ఒకే గుట్టలో పడి ఉంటాయి. గుట్టంతా నడిచి రంగు, రాయి మారిన ప్రతిచోటా నకలు పటం మీద గీత గీయండి. ఒక్కో రకాన్ని ఒక్కో ముక్కగా లెక్కించి విడివిడిగా పరీక్షించాలి. అన్నీ కలిపి తీసిన సగటు నమూనా ఎవరికీ పనికిరాదు. చెడ్డ ముక్క మంచి ముక్కల మధ్య దాక్కుంటుంది.

పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత). 2 మి.మీ. జల్లెడ పట్టిన నమూనాకు రెండున్నర రెట్లు బరువున్న స్వేదనజలం కలిపి, అరగంట పాటు మధ్యమధ్య కలియబెట్టి కొలవండి. తాజాగా పగిలిన రాయిని, ఒకటి రెండేళ్లుగా ఎండావానలకు ఉన్న రాయిని రెండింటినీ చూడాలి. రాతిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే అది గాలి, నీరు తగిలాకే ఆమ్లంగా మారుతుంది. కాబట్టి తాజా రాయి ఒక్కటే చూస్తే మోసపోతాం.

గంధకం. పాత రాయి పీహెచ్ 5 కంటే దిగితే ల్యాబ్‌లో మొత్తం గంధకం, పైరైట్ గంధకం కొలిపించండి. టన్ను వ్యర్థంలో పైరైట్ గంధకం 1 శాతం ఉంటే దాని ఆమ్లాన్ని విరచడానికి 31.25 కిలోల కాల్షియం కార్బొనేట్ కావాలి. హెక్టారులో పై 15 సెం.మీ. పొర సుమారు 2,250 టన్నులు తూగుతుంది. అంటే ఒక్క శాతం గంధకానికే హెక్టారుకు 70 టన్నుల సున్నపురాయి పొడి. లెక్క ఇంత పెద్దది కాబట్టే ఆమ్లం పుట్టించే షేల్‌ను గుట్ట పైన కాక లోపల పూడ్చాలని ఓబీ పోసేటప్పుడే ఏర్పాటు చేసుకోవాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసే ఆమ్ల పరీక్షలో చివరి పీహెచ్ 4.5 కంటే తక్కువ వస్తే ఆ రాయిని అనుమానించాలి. బొగ్గు ఎక్కువగా ఉన్న నమూనాల్లో సేంద్రియ ఆమ్లాలు పుట్టి ఈ పరీక్ష ఆమ్లత్వాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. అందుకే గంధకం అంకెతో పోల్చకుండా తీర్పు చెప్పకూడదు. ఇది ల్యాబ్‌లోనే చేయించాలి, పెరాక్సైడ్ ఉధృతంగా పొంగుతుంది.

వేడి. తెల్లవారుజామున గుట్టను చూడండి. ఆవిరి, గంధకపు వాసన, చుట్టూ తేమ ఉన్నా పొడిగా ఉన్న మచ్చలు, పసుపు తెలుపు పొరలు కనిపిస్తే లోపల నిప్పు ఉన్నట్టే. రగులుతున్న చోట మట్టి కప్పి మూసేయడం, మండే బొగ్గు మీద పైపుతో నీళ్లు కొట్టడం రెండూ ప్రమాదకరం. నీళ్లు పడితే మండే వాయువులు, ఆవిరి పేలుడు వచ్చే అవకాశం ఉంది. ఆ ముక్కను వదిలి భద్రతా విభాగానికి అప్పగించండి. అది చల్లారిందని వాళ్లు రాసి ఇచ్చేదాకా అక్కడ కప్పు పని వద్దు.

## 2. ఏ మట్టి దొరుకుతుంది, దేనికి పనికొస్తుంది?

- గని నుంచి తీసిన పైమట్టి: అన్నిటికంటే విలువైనది. గింజలు, సూక్ష్మజీవులు, సేంద్రియ పదార్థం అందులోనే ఉంటాయి. తవ్వే యంత్రం (షావెల్) కదలకముందే పై 15–30 సెం.మీ. విడిగా తీయాలి. దాని కింది మట్టిని వేరే కుప్పగా పెట్టాలి.
- కింది ఎర్రమట్టి, బంకమట్టి: సారం తక్కువ, కానీ మందం నింపడానికి, లోపలి బొగ్గుకు గాలిని ఆపే పొర వేయడానికి మంచిది.
- నల్లరేగడి: నీరు, పోషకాలు పట్టి ఉంచుతుంది. వేసవిలో నెర్రెలిస్తుంది కాబట్టి ఒంటరిగా గాలిని ఆపే పొరగా వాడకూడదు. ఎర్రమట్టితోనో ఇసుక మట్టితోనో కలపాలి.
- మొరం: దారులకు, కాలువ అంచులకు సరే. వేరు పొరగా (మొక్కల వేళ్లు పెరిగే పొరగా) పనికిరాదు.
- చెరువు పూడిక మట్టి: పలుచగా కలపడానికి బాగుంటుంది. మందంగా పోస్తే గట్టిపడి పెచ్చులు కడుతుంది. పైగా ఆ మట్టి మీద మొదటి హక్కు ఆయకట్టు రైతులది.

చుట్టుపక్కల పొలాల పైమట్టిని కొని తెచ్చి గుట్టకు కప్పడాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఒక గాయం మాన్పడానికి మరో గాయం చేయడం అది. పైమట్టి చాలకపోతే ఓబీలోని మెత్తటి భాగానికే పశువుల ఎరువు, పచ్చిరొట్ట కలిపి మెరుగుపరచుకోవచ్చు.

నిల్వ విషయంలో చాలా నష్టం జరుగుతోంది. పైమట్టి కుప్ప 2–3 మీటర్ల ఎత్తు మించితే అడుగున గాలి ఆడక సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తడిగా ఉన్నప్పుడు తీయకండి, కుప్ప మీద టిప్పర్లు ఎక్కనివ్వకండి. ఒక పంటకాలం దాటి ఉంచాల్సివస్తే జనుమో స్టైలోనో (పశుగ్రాసపు కాయజాతి మొక్క) చల్లి పచ్చగా ఉంచండి. వీలైతే ఒకచోట తీసిన మట్టిని అదే సీజనులో మరోచోట నేరుగా పరచడమే అన్నిటికంటే మేలు.

## 3. నమూనా తీయడం

ల్యాబ్ ఎంత మంచిదైనా సంచిలో ఏం పంపామో దానికే ఫలితం ఇస్తుంది.

1. ఒకే రంగు, ఒకే స్వభావం ఉన్న మట్టిని ఒక విభాగంగా గుర్తించండి.
2. ఒక్కో విభాగంలో 10–15 చోట్ల, వంకరటింకరగా నడుస్తూ తీయండి. కుప్పలో అయితే పైన, మధ్య, అడుగు మూడు లోతుల్లోనూ గుంత తీయించాలి.
3. ఎరువు పడ్డ చోటు, దారి అంచు, డీజిల్ కారిన చోటు వదిలేయండి.
4. అన్నీ శుభ్రమైన పట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించండి. గట్టితనం, వ్యాకోచం పరీక్షలకు మరో 15–20 కిలోలు విడిగా ఉంచండి.
5. నీడలో ఆరబెట్టండి. ఎరువుల సంచిలో ఎప్పుడూ పెట్టకండి.
6. లోహాల పరీక్ష ఉంటే తుప్పు పట్టిన పార కాక, ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్టు వాడండి.

కుప్ప నుంచి మట్టి రవాణా మొదలయ్యాక కూడా రంగు మారిన ప్రతిసారీ కొత్త నమూనా తీయాలి.

## 4. ల్యాబ్‌కు ముందు చేతితో చేసే పరీక్షలు

వీటికి ఖర్చు దాదాపు ఉండదు. సగం తప్పులు ఇక్కడే దొరికిపోతాయి.

సీసా పరీక్ష. పొడవాటి గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీరు, చిటికెడు బట్టల సోడా పొడి వేసి బాగా కుదిపి నిలపండి. నిమిషంలో ఇసుక, రెండు గంటల్లో ఒండ్రు కూర్చుంటాయి. బంక మరుసటి రోజుకు అడుగున కూర్చుంటుంది. పొరల మందం కొలిస్తే పాళ్లు తెలుస్తాయి.

గడ్డ కరిగే పరీక్ష. నాకు అత్యంత ముఖ్యమైనది ఇదే. శనగగింజంత ఎండిన మట్టి గడ్డను వాననీటిలో లేదా స్వేదనజలంలో కదపకుండా వేయండి. 10 నిమిషాలకు, 2 గంటలకు, మరునాడు చూడండి. గడ్డ విడిపోయినా నీరు తేటగా ఉంటే ఫర్వాలేదు. చుట్టూ పాలలాంటి మబ్బు వ్యాపిస్తే ఆ మట్టిలో సోడియం ఎక్కువై కణాలు నీటిలో చెదిరిపోతున్నాయని అర్థం. అలాంటి మట్టి వాలు మీద లోపల్లోపల బొరియలు పడి కొట్టుకుపోతుంది. బోరు నీటితో ఈ పరీక్ష చేయకూడదు. అందులోని లవణాలు లోపాన్ని కప్పిపుచ్చుతాయి.

మొలక పరీక్ష. ఒక కుండీలో వాడబోయే మట్టి, ఇంకొకదానిలో మంచి పొలం మట్టి, మూడోదానిలో గుట్ట వ్యర్థం. అన్నిటిలో ఒకే సంఖ్యలో అలసంద గింజలు. రెండు వారాల తరువాత మొలకల సంఖ్య, వేర్ల పొడవు పోల్చండి. ల్యాబ్ అంకెలన్నీ బాగుండి మొలక రాకపోతే నేను మొలక మాటే నమ్ముతాను, కారణం వెతుకుతాను.

దారం పరీక్ష. మట్టిని అరచేతుల మధ్య 3 మి.మీ. దారంలా చేయగలిగితే అది యంత్రాలు నడపలేనంత తడిగా ఉంది. పరిచే రోజు ఉదయం తప్పక చేయండి.

## 5. ల్యాబ్‌లో ఏం అడగాలి, అంకెను ఎలా చదవాలి

- పీహెచ్: 6 నుంచి 8 మధ్య హాయి. 5.5 కంటే తక్కువైతే సున్నం, 8.5 దాటితే జిప్సం గురించి ఆలోచించాలి.
- లవణాలు: విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసీ సీమెన్స్ లోపు సురక్షితం. 1–2 మధ్య మొలకకు ఇబ్బంది. 4 దాటితే పైపొరగా వద్దు.
- మార్పిడి సోడియం (మట్టి కణాలకు అంటుకుని ఉండే సోడియం వాటా): 15 శాతం దాటితే చవుడు కిందే లెక్క. గడ్డ మబ్బు కడితే అంతకంటే తక్కువ ఉన్నా జాగ్రత్త పడాలి.
- లభ్య నత్రజని: హెక్టారుకు 280 కిలోల లోపు తక్కువ. భాస్వరం 10 కిలోల లోపు తక్కువ. గుట్టల మట్టిలో ఈ రెండూ దాదాపు ఎప్పుడూ తక్కువే.
- రాళ్లు: 2 మి.మీ. మించిన ముక్కలు పరిమాణంలో మూడో వంతు దాటితే వేరు పొరకు పనికిరాదు.
- స్వేచ్ఛా వ్యాకోచం: మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720లోని 40వ భాగం. 10 గ్రాముల మట్టి నీటిలో, మరో 10 గ్రాములు కిరోసిన్‌లో 24 గంటలు ఉంచి పెరుగుదల చూస్తారు. 50 శాతం దాటితే ఆ మట్టిని గాలిని ఆపే పొరకు ఒంటరిగా వాడకండి.
- గట్టితనం, అనువైన తేమ: అదే ప్రమాణంలోని 7వ భాగం. అడుగు బంక పొర వేసేవారికి ఇది తప్పనిసరి.

సేంద్రియ కర్బనం అంకెతో మాత్రం చాలా జాగ్రత్త. మామూలు పొలాల్లో 0.75 శాతం దాటితే సారవంతం అంటాం. గని మట్టిలో బొగ్గు నలుసులు కలిసి ఉంటాయి. ల్యాబ్ పరీక్ష వాటిలో కొంత భాగాన్ని కూడా కర్బనంగానే లెక్కిస్తుంది. పేదమట్టి కాగితం మీద ధనిక మట్టి అవుతుంది, ఎరువు అక్కర్లేదని రాసేస్తారు. గని పరిసరాల మట్టికి కర్బనం ఎక్కువ, లభ్య నత్రజని తక్కువ అని వస్తే నత్రజని అంకెనే నమ్మండి.

## 6. మందం, పరిమాణం లెక్క

అమెరికాలో బొగ్గు వ్యర్థాల గుట్టలపై కనీసం 4 అడుగుల మేర విషం లేని, మండని పదార్థం కప్పాలన్న నిబంధన ఉంది. భౌతిక, రసాయన పరీక్షలు సరిపోతాయని చూపిస్తే తగ్గించుకునే వీలు కూడా అక్కడే ఉంది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. పరీక్ష చేయనివారికి ఎక్కువ మందం, చేసినవారికి తగిన మందం.

మన గుట్టలకు నేను వాడే కొలమానం ఇది:

- పీహెచ్ బాగుండి, మెత్తటి మట్టి కలిసిన ఓబీ: 15–30 సెం.మీ. పైమట్టి చాలు.
- ముతక ఇసుకరాయి: మొత్తం 60 సెం.మీ. అందులో పై 15–20 సెం.మీ. పైమట్టి.
- బొగ్గు కలిసిన నల్ల షేల్: 30–50 సెం.మీ. గట్టిపరచిన బంక పొర, దానిపైన 60–75 సెం.మీ. వదులు మట్టి.
- ఆమ్లం లేదా లవణాలు పైకి పాకే వ్యర్థం: సున్నం, పైన 20–30 సెం.మీ. ముతక రాయి పొర, ఆపైన మీటరుకు పైగా మట్టి. దీనికి నిపుణుల డిజైన్ తప్పదు.

ఉదాహరణ. పటం మీద 1 హెక్టారు, వాలు 28 డిగ్రీలు, మందం 60 సెం.మీ. వాలు మీద అసలు వైశాల్యం 1.13 రెట్లు, అంటే 11,300 చ.మీ. కావలసిన మట్టి 6,780 ఘ.మీ. టిప్పర్లో వదులుగా ఉంటుంది కాబట్టి 20 శాతం కలిపితే సుమారు 8,100 ఘ.మీ. పది ఘనమీటర్ల టిప్పర్లు 810. పటం వైశాల్యంతోనే లెక్క కట్టిన అంచనాల్లో గుట్ట చివరికి వచ్చేసరికి మట్టి అయిపోతుంది.

## 7. గుట్టను సిద్ధం చేయడం

డంపర్ నుంచి జారిన ఓబీ దాదాపు 37 డిగ్రీల వాలులో నిలుస్తుంది. దాని మీద మట్టి నిలవదు. మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదన్నది పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా కనిపించే షరతు. మెట్లు ఉన్న గుట్టలో ప్రతి మెట్టూ లోపలికి కొద్దిగా వాలి ఉండాలి, నీరు వాలు మీదుగా దూకకూడదు.

☐ గుట్ట పాదం చుట్టూ కాలువ, రాతి గోడ, మడ్డి నిలిచే గుంత సిద్ధం
☐ పైనుంచి నీరు దిగడానికి రాతి పరుపు ఉన్న కాలువ
☐ కొత్తగా పోసిన గుట్ట ఒక వానాకాలం కుదురుకుంది
☐ వేడి మచ్చలు లేవని రాతపూర్వక నివేదిక
☐ పై పొరను డోజర్ రిప్పర్‌తో అడ్డంగా 30–50 సెం.మీ. చీల్చారు (బంక పొర వేసే చోట తప్ప)

నీటి దారి పూర్తికాకుండా ఒక్క టిప్పర్ మట్టి కూడా పైకి పంపకండి.

## 8. మట్టి పరచడం

పని ఫిబ్రవరిలో మొదలై మే నెలాఖరుకు ముగియాలి. జూన్ తొలి వానకు విత్తనం నేలలో ఉండాలి.

1. బంక పొర అవసరమైతే 15–20 సెం.మీ. చొప్పున వేసి, అనువైన తేమలో రోలర్‌తో తొక్కించండి. ప్రతి పొరకూ సాంద్రత కొలవండి. ఎండి నెర్రెలు పడకముందే పై మట్టితో కప్పేయండి.
2. వేరు పొరను టిప్పర్ అంచున దించి, పొక్లెయిన్ బొక్కెనతో ముందుకు చల్లించండి. టిప్పర్లు పరిచిన మట్టి మీదుగా తిరగకూడదు.
3. డోజర్‌తో నున్నగా గీయించకండి. గరుకుగా ఉన్న నేల నీటిని ఆపుతుంది, గింజను పట్టుకుంటుంది.
4. పైమట్టి చివర. కింది పొరను పైపైన గీరి, రెండూ కలిసిపోయేలా వేయండి.
5. సున్నం, జిప్సం, పశువుల ఎరువు ఈ దశలోనే పై 15 సెం.మీ.లో కలపాలి.
6. మందాన్ని 25 మీటర్ల గడులలో గుంత తీసి స్కేలుతో చూడండి. బిల్లు టిప్పర్ల లెక్క మీద కాక ఈ గుంతల లెక్క మీద చెల్లించాలి.

సాంద్రత కొలత. పొడవు, వెడల్పు, లోతు 20 సెం.మీ. చొప్పున గుంత తీసి, మట్టినంతా ఎండబెట్టి తూచండి. గుంతలో పలుచని ప్లాస్టిక్ పరచి ఎన్ని లీటర్ల నీరు పట్టిందో చూడండి. కిలోలను లీటర్లతో భాగిస్తే సాంద్రత. వేరు పొర బంకమట్టి అయితే 1.45, ఇసుక మట్టి అయితే 1.75 దాటితే వేరు దిగడం కష్టం. మళ్లీ చీల్చించాలి.

## 9. విత్తడం, నాటడం

మొదట గడ్డి, కాయజాతి. చెట్లు తరువాత. గడ్డి ముందు నేలను పట్టుకోవాలి.

స్టైలో హెక్టారుకు 8–10 కిలోలు. గింజ పొట్టు గట్టిది కాబట్టి 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తరువాత రాత్రంతా మామూలు నీటిలో నానబెట్టాలి. జనుము, పిల్లిపెసర కలిపితే నేల త్వరగా మూసుకుంటుంది. కాలువ అంచుల్లో, కోతపడే మలుపుల్లో వట్టివేరు వరుసగా, ఒకే ఎత్తులో సాగే గీత మీద నాటండి. నిటారు వాలు మీద కొబ్బరి పీచు వల పరిచి మేకులు దించాలి.

చెట్లలో కానుగ, వేప, సిస్సూ, రేల, ఉసిరి, వెదురు ఈ నేలల్లో నిలబడతాయి. సుబాబుల్ తొందరగా పచ్చబరుస్తుంది, కానీ మిగతావాటిని పెరగనివ్వదు. నేను వద్దంటాను. బంక పొర వేసిన చోట లోతు వేరు చెట్లు నాటకండి. వేరు ఆ పొరను చీల్చి లోపలి బొగ్గుకు గాలి దారి తెరుస్తుంది. అక్కడ గడ్డి, పొదలు చాలు.

## 10. కనిపించే లోపం, చేయాల్సిన పని

- మొలక వచ్చి నెలకే పసుపుబారింది: చాలాసార్లు నత్రజని లేమి. పీహెచ్ మళ్లీ చూసి, బాగుంటే ఎరువు వేయండి. పీహెచ్ పడిపోయి ఉంటే కింది వ్యర్థం పైకి కలిసింది.
- గుండ్రటి మచ్చల్లో మాత్రమే గడ్డి చచ్చింది: అక్కడ మందం కొలవండి, వేడి కొలవండి. రెండిట్లో ఒకటి దొరుకుతుంది.
- వేసవిలో తెల్లటి పొర: లవణాలు పైకి పాకాయి. పైన ఇంకొంచెం మట్టి పోస్తే తాత్కాలికమే. ఆ ముక్క తవ్వి ముతక రాయి పొర వేయాలి.
- సన్నని చారికలు: చేతితో పూడ్చి పీచు వల, వట్టివేరు. మోకాలి లోతు కోత అయితే పైనుంచి వచ్చే నీటి దారి తప్పింది, ముందు దాన్ని సరిచేయండి.
- పైన నేల బాగున్నా పక్కన బొరియ: మట్టి చెదిరే రకం. తవ్వి జిప్సం కలిపి మళ్లీ నింపాలి.
- మొక్క బతికి ఉన్నా ఎదగడం లేదు: ఒకటి పీకి చూడండి. వేరు అడ్డంగా తిరిగి ఉంటే నేల గట్టిపడింది.

## 11. అప్పగింతకు ముందు తనిఖీ

ఒక వానాకాలం, ఒక వేసవి గడవకుండా పని పూర్తయిందని సంతకం చేయకండి. రెండో వానాకాలం తరువాత చూడాల్సినవి:

☐ గడుల్లో మందం మళ్లీ కొలిచి, తొలి కొలతతో పోల్చారు
☐ పై 15 సెం.మీ. పీహెచ్, లవణాలు మారలేదు
☐ పాదం కాలువ నీటి పీహెచ్ వానాకాలంలో కనీసం మూడుసార్లు నమోదైంది
☐ మడ్డి గుంతలో చేరిన మట్టిని తీసి, పరిమాణం రాశారు
☐ ఏప్రిల్‌, మే నెలల్లో వేడి మచ్చల కోసం ఉదయం పూట తిరిగారు
☐ చిరుగడ్డి నుంచి చెట్టు దాకా వాటంతట అవి మొలిచిన జాతులు నమోదయ్యాయి
☐ నమూనా స్థలాలు, ల్యాబ్ నివేదికలు, ఫొటోలు ఒకే ఫైలులో, ఒక ప్రతి పక్క ఊరి పంచాయతీ కార్యాలయంలో

చివరిది చాలామంది వదిలేస్తారు. గని మూతపడి సిబ్బంది బదిలీ అయ్యాక ఆ గుట్ట పక్కన ఉండేది ఊరివాళ్లే. ఏ ముక్క కింద నల్ల షేల్ ఉందో, ఎక్కడ తవ్వకూడదో వాళ్ల దగ్గర కాగితం మీద ఉండాలి.